ముందు స్థలం, తర్వాత పెళ్ళి

మనవాళ్ళు ఏ కొత్త ఊరు వెళ్ళినా రెండో రోజుకల్లా ఒక ప్రశ్న బయటికొస్తుంది: "ఇక్కడ గజం ఎంతుంటుందంటావ్?" అరకు వెళ్ళినా అంతే, డల్లాస్ వెళ్ళినా అంతే. నాకు ఆ జబ్బు లేదనే అనుకునేవాణ్ణి. ఇండోనేషియాలో, లొంబొక్ పక్కన గిలి ఆయిర్ అనే చిన్న దీవిలో దిగిన మూడో రోజు సాయంత్రం, కాళ్ళు ఇసుకలో పెట్టుకుని కొబ్బరి నీళ్ళు తాగుతూ, బొండం కొట్టిచ్చిన మనిషిని నేనూ అదే అడిగేశాను.

అక్కడ గజాల్లో చెప్పరు. 'ఆరె' అంటారు. ఒక ఆరె అంటే 100 చదరపు మీటర్లు. మన లెక్కలో 120 గజాలకి ఒక్క పిసరు తక్కువ. సెంట్లలో అయితే దగ్గర దగ్గర రెండున్నర. ఫోన్ తీయకుండా నోటితోనే లెక్క తేల్చేశాను.

"అవతల సూర్యుడు అలా దిగిపోతుంటే ఇవతల కూర్చుని సెంట్లు లెక్కపెట్టే మనిషిని మిమ్మల్నే చూశాను" అంది మా ఆవిడ.

ముందే చెప్పేస్తాను, నేను కొనలేదు. అది తెలివైన పనా, పిరికి పనా అన్నది మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు. కాకినాడలో ఉండే మా బావ దృష్టిలో నేను చేతికొచ్చిన బంగారు బాతుని సముద్రంలోకి తోలేశాను. మొదట్లో నేను వెనకాడింది డబ్బు పోతుందనే భయంతోనే. తర్వాత ఆ భయం పోయింది, వేరే కారణం వచ్చి కూర్చుంది. బాలిలో ఒక విల్లా, లొంబొక్‌లో ఒక బీచ్ బిట్ అని ఈ మధ్య మన వాట్సాప్ గ్రూపుల్లో కూడా తిరుగుతున్నాయి కాబట్టి ఆ రెండో కారణం రాయాలనిపించింది.

ముందు ఊరి సంగతి. లొంబొక్ వాళ్ళ సాసాక్ భాషలో 'గిలి' అంటేనే చిన్న దీవి. కాబట్టి 'గిలి ఐలాండ్స్' అంటే 'దీవి దీవులు'. మన 'నడి మధ్య'లాగ అన్నమాట. ఆయిర్‌ని ఇంగ్లీషు స్పెల్లింగు చూసి ఎయిర్ అని చదువుతారు గానీ ఆ మాటకి నీళ్ళని అర్థం. పక్కపక్కనే ఉన్న మూడు గిలీల్లో (ఆయిర్, మెనో, త్రవాంగన్) తాగే నీళ్ళ బావులున్నది ఇక్కడేనని, అందుకే ఆ పేరని ఊళ్ళోవాళ్ళు చెప్తారు. లొంబొక్‌లో బంగ్సల్ రేవు నుంచి ఊరి పడవ ఎక్కాలి. జనం నిండితేనే కదులుతుంది, మన షేర్ ఆటో పద్ధతే. మా పడవలో మనుషులకంటే సామాన్లే ఎక్కువ. కోడిగుడ్ల ట్రేలు, సిమెంటు బస్తాలు, ప్లాస్టిక్ తీయని పరుపు, ఆకుపచ్చ రంగు 3 కిలోల గ్యాస్ బండలు. ఆ బండని వాళ్ళు ముద్దుగా 'మెలోన్' అంటారు. దీవిలో పెట్రోలు బండ్లు లేవు. గుర్రపు బండి ఉంటుంది, చిదోమో అంటారు. గంటన్నర నడిస్తే దీవి చుట్టి వచ్చేయొచ్చు.

ఈ దీవుల్లో మొదట స్థిరపడ్డవాళ్ళలో ఎక్కువమంది ఉత్తరాన సులవేసి దీవి నుంచి పడవల మీద వచ్చిన బుగిస్, మందార్ జాలర్లు. చేపలు, కొబ్బరి, అంతే. వీపుకి సంచీ తగిలించుకుని తెల్లవాళ్ళు రావడం 1980లలో మొదలైంది. ఆ తర్వాత జరిగింది మనకి తెలిసిన కథే. ఇప్పుడు తీరం వైపు నడిస్తే యోగా, డైవింగ్, కాఫీ. లోపలికి రెండు వందల అడుగులు వేస్తే కోళ్ళు, వలలు, మసీదు, బడి పిల్లలు.

బొండాలాయన బావమరిది స్థలాలు అమ్మిపెట్టే పనే చేస్తాడట. పది నిమిషాల్లో వచ్చేశాడు, చేతిలో ఫోను, అందులో డ్రోన్ ఫొటోలు. మర్నాడు పొద్దున్నే మమ్మల్ని స్థలానికి తీసుకెళ్ళాడు. 11 ఆరెలు. కొబ్బరి చెట్లు, రెండు మేకలు, తాడు మీద ఆరేసిన వల. ఒక ముసలావిడ పీట మీద కూర్చుని చిన్న చేపల్ని సైజుల వారీగా వేరు చేస్తోంది. మా వైపు తలెత్తి చూడలేదు.

అతను చెప్పిన మాటల సారాంశం ఇది. విదేశీయుల పేరు మీద 'హక్ మిలిక్' రాదు. అంటే పూర్తి సొంత హక్కు, మన పట్టాలాంటిది, రాదు. "కానీ ఏం ఫర్వాలేదు. మా తమ్ముడి పేరు మీద కొందాం. మీకూ వాడికీ మధ్య నాలుగు కాగితాలు రాసుకుందాం. అందరూ అలాగే చేస్తారు." ఆ నాలుగు కాగితాలేమిటంటే, స్థలం కొనడానికి తమ్ముడికి నేను అప్పు ఇచ్చినట్టు ఒకటి. ఆ అప్పుకి స్థలం తాకట్టు పెట్టినట్టు ఒకటి. అమ్ముకునే అధికారం నాకు రాసిచ్చినట్టు ఒకటి. స్థలాన్ని ఏళ్ళ తరబడి నాకే అద్దెకిచ్చినట్టు ఇంకొకటి. ఈ ఏర్పాటుని అక్కడ 'నామినీ' అంటారు. మనకి నామినీ అంటే ఎల్ఐసీ పాలసీలో భార్య పేరు. వాళ్ళు నామినీ అంటున్నదానికి మన దగ్గర వేరే పేరుంది. బినామీ.

ఆ రాత్రి హోటల్లో కూర్చుని చట్టం చదివాను. ఇండోనేషియా భూమి చట్టం 1960 సెప్టెంబర్ 24న వచ్చింది, ఆ ఏడాది ఐదో నంబరు చట్టం. డచ్చివాళ్ళ హయాంలో నేల ఎలా చేతులు మారిందో చూసినవాళ్ళు రాసుకున్న చట్టమని చదువుతుంటేనే తెలుస్తుంది. అందులో పదే పదే 'బూమి' అనే మాట వస్తుంది. మన భూమే. 9వ ఆర్టికల్ ప్రకారం ఆ బూమితో, నీళ్ళతో, పైన ఆకాశంతో పూర్తి సంబంధం ఆ దేశ పౌరులకే. 21వ ఆర్టికల్ ప్రకారం హక్ మిలిక్ వాళ్ళకే. వారసత్వంగా విదేశీయుడికి వచ్చినా ఏడాదిలోపు వదులుకోవాలి. ఇక 26వ ఆర్టికల్ మన 'నాలుగు కాగితాల' కోసమే రాసినట్టుంటుంది. నేరుగా గానీ, చుట్టు తిప్పి గానీ ఆ హక్కుని విదేశీయుడికి కట్టబెట్టే ఏ ఏర్పాటూ చెల్లదు. నేల ప్రభుత్వానికి పోతుంది. ఇచ్చిన డబ్బు తిరిగి అడగడానికి లేదు.

సక్రమమైన దారులు లేకపోలేదు. అక్కడ ఉండటానికి పర్మిట్ ఉన్న విదేశీయుడు 'హక్ పకాయ్' అనే వాడుక హక్కు మీద ఇల్లు తీసుకోవచ్చు. 2021 నిబంధనల ప్రకారం మొదట 30 ఏళ్ళు, పొడిగింపు 20, పునరుద్ధరణ 30. విదేశీ పెట్టుబడి కంపెనీ పెడితే దాని పేరు మీద భవనం కట్టుకునే హక్కు వస్తుంది. లేదంటే పాతికేళ్ళకో ముప్పై ఏళ్ళకో లీజు. లీజంటే ఏముంది, అద్దె మొత్తం ముందే కట్టేసి గడువు అయ్యాక చాప చుట్టుకుని రావడమే. మా బావకి ఇందులో ఏదీ నచ్చలేదు.

"పాతికేళ్ళ తర్వాత ఖాళీ చేసేదానికి కొనడం ఎందుకురా? ఆ కుర్రాడి పేరు మీదే పెట్టేయ్. వాడు మోసం చేస్తే నాలుగు కాగితాలు ఉన్నాయిగా."

"ఆ కాగితాలు కోర్టులో చూపిస్తే మనమే తప్పు ఒప్పుకున్నట్టు బావా."

"అసలు కోర్టుదాకా ఎందుకెళ్తుంది? వాళ్ళకి డబ్బు కావాలి, మనకి స్థలం కావాలి. మధ్యలో ఎవడికిరా నష్టం?"

ఈ చివరి ప్రశ్న ఉంది చూశారూ, దానికి నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. తర్వాత దొరికింది. రెండు జవాబులు దొరికాయి నిజానికి.

మొదటిది మన ఇంటి జవాబే. మా బావ రంపచోడవరం వైపు తిరిగినవాడు. 1/70 చట్టం గురించి ఆయనకి నేను చెప్పక్కర్లేదు. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలకి 1970లో వచ్చిన ఆ సవరణ ప్రకారం ఏజెన్సీలో నేల గిరిజనేతరుడి చేతికి మారకూడదు. ఆ చట్టాన్ని ఎలా దాటారో తెలుగు నేల మీద అందరికీ తెలుసు. పాలేరు పేరు మీద, వంటమనిషి పేరు మీద, కొన్నిచోట్ల ఆ పేరు కోసమే చేసుకున్న రెండో పెళ్ళి భార్య పేరు మీద. అలా కొన్న షావుకారుని మనం మెచ్చుకోం. కథల్లో, సినిమాల్లో వాడే విలను. అదే పని మనం విమానం ఎక్కి వెళ్ళి చేస్తే ఇన్వెస్ట్‌మెంట్ అయిపోతుందా? అక్కడి తమ్ముడు మన పాలేరే కదా, కాకపోతే ఇన్‌స్టాగ్రామ్ అకౌంట్ ఉన్న పాలేరు. ఈ మాట అన్నందుకు బావ నాతో వారం రోజులు మాట్లాడలేదు.

చట్టం ఉన్నంత మాత్రాన దీవివాళ్ళు సుఖంగా ఉన్నారని మాత్రం అనను. పక్కనే గిలి త్రవాంగన్ ఉంది, మూడింట్లో పెద్దది. అక్కడ విదేశీయుడెవడూ లేకుండానే ఊరు చిక్కుల్లో పడింది. 1990లలో దీవిలో పెద్ద ముక్కని రాష్ట్ర ప్రభుత్వం ఒక ప్రైవేటు కంపెనీకి రాసిచ్చింది. కంపెనీ కాగితం పట్టుకుని కూర్చుంది, నేల ఖాళీగా పడుంది. ఊరి జనం, వాళ్ళతో పాటు వచ్చినవాళ్ళు ఆ ఖాళీలో ఇళ్ళు, హోటళ్ళు కట్టారు. ఏళ్ళ తరబడి కొట్లాటలయ్యాక 2021లో ప్రభుత్వం ఆ ఒప్పందాన్ని రద్దు చేసింది. మరి ఆ హోటళ్ళు కట్టుకున్నవాళ్ళ సంగతి? నేల ప్రభుత్వానిదే కాబట్టి ఇప్పుడు వాళ్ళు ప్రభుత్వంతో ఒప్పందం రాసుకోవాలి. అంతకుముందే, 2017 ఫిబ్రవరిలో, సముద్రం వైపున్న దుకాణాల్ని కూలగొట్టారు. దేశంలో నియమం ప్రకారం పోటు గీత నుంచి కనీసం 100 మీటర్లు కట్టడాలు లేకుండా వదలాల్సిన తీర హద్దు. చిన్న దీవిలో ఇటు 100, అటు 100 తీసేస్తే ఇంకేం మిగులుతుందో మీరే లెక్కేసుకోండి. మరుసటి ఏడాది ఆగస్టు 5న 6.9 తీవ్రతతో భూకంపం వచ్చింది. వేల మంది టూరిస్టులు ఒకటి రెండు రోజుల్లోనే పడవలెక్కి వెళ్ళిపోయారు. దీవినే నమ్ముకున్నవాళ్ళు ఇటుకలు ఏరుకున్నారు.

ఇక నీళ్ళు. చిన్న దీవి కింద మంచినీళ్ళు ఉప్పునీటి మీద తేలే మీగడ తరకలా ఉంటాయి. నాలుగు ఈత కొలనులు ఆ మీగడని తాగేస్తే కింద ఉప్పే. 2024లో గిలి మెనో జనం కుళాయి నీళ్ళు రాక రోడ్డెక్కారు. చుట్టూ సముద్రం, మధ్యలో బిందెలు పట్టుకుని మనుషులు. 11 ఆరెల్లో విల్లా అంటే ఒక కొలను ఉండాల్సిందే, లేకపోతే ఆన్‌లైన్‌లో ఎవడూ బుక్ చెయ్యడు అని మా ఏజెంటు నొక్కి చెప్పాడు.

నా రెండో జవాబు మాత్రం ఆ ముసలావిడ దగ్గర ఉంది. స్థలం చూసిన రోజే తిరిగొచ్చేటప్పుడు ఊరికే అడిగాను, "ఆవిడ ఇల్లు ఎటువైపు?" అని. ఏజెంటు వెనక్కి చెయ్యి చూపించాడు. ఆ 11 ఆరెల్లోనే, కొబ్బరి చెట్ల వెనక, రేకుల ఇల్లు. "వాళ్ళు ఓనర్లు కాదు. ముందునుంచీ ఉంటున్నారంతే. అమ్మకం అయ్యాక వెళ్ళిపోతారు." ఎక్కడికి వెళ్తారని నేను అడగలేదు. అడగాల్సింది. మా ఆవిడ అడిగింది. అతను భుజాలెగరేసి, "లొంబొక్ పెద్దది కదా" అన్నాడు.

మధ్యలో ఎవడికి నష్టం అంటే, ఆ పీట మీద కూర్చున్నావిడకి. ఆవిడ పేరు ఏ కాగితంలోనూ లేదు, కాబట్టి బావ లెక్కలోకి రాలేదు.

తిరుగు ప్రయాణానికి ఇంకా ఐదు రోజులుంది. ఆ దీవిలో ఉండబుద్ధి కాలేదు. లొంబొక్ దాటి, తూర్పున కయంగాన్ రేవులో ఫెర్రీ ఎక్కి పక్క దీవి సుంబావా వెళ్ళాం. గంటన్నర ప్రయాణం. వెనక రింజాని కొండ, ముందు ఎండిపోయిన గుట్టలు. డెక్కు మీద కప్పు నూడుల్స్‌లో వేడినీళ్ళు పోసి అమ్ముతారు, ఆకులో చుట్టిన అన్నం అమ్ముతారు. పోతొ తానో రేవులో దిగి అలాస్ అనే చిన్న ఊరు, అక్కణ్ణుంచి సముద్రంలోకి వేసిన కట్ట మీదుగా బుంగిన్ దీవి.

ప్రపంచంలో అన్నిటికన్నా కిక్కిరిసిన దీవి ఇదేనని అక్కడివాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. ఆ పందెంలో వేరే దీవులూ ఉన్నాయి గానీ కట్ట దిగి నాలుగడుగులు వేస్తే వాదించాలనిపించదు. ఎనిమిది తొమ్మిది హెక్టార్లు. అంటే మన హైవే పక్కన ఒక మోస్తరు వెంచరంత. అందులో మూడు వేలు దాటిన జనం. స్తంభాల మీద కట్టిన ఇళ్ళు, చూరుకి చూరు తగులుతుంది. ఇంటి కింద నీడలో వలలు, మోటారు సైకిళ్ళు, ఉయ్యాలలో పిల్లలు. గడ్డి పరకన్నది లేదు. అందుకని మేకలు కాగితాలు తింటాయి. నేను నమ్మలేదు. మా ఆవిడ సంచీలోంచి ఫెర్రీ టికెట్లు తీసి పెడితే ఒక మేక వచ్చి తీరిగ్గా, ఆకు నమిలినట్టు నమిలి, ఇంకా ఏమైనా ఉందా అన్నట్టు చూసింది. ఆ ఊళ్ళో ఆస్తి కాగితాలు ఎక్కడ దాచుకుంటారో అని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

వాళ్ళు బజోలు. సముద్రం మీదే బతికిన జాతి. సులవేసి వైపు బజోల మీద చేసిన పరిశోధన ఒకటి 2018లో వచ్చింది. పక్క ఊరి నేల మనుషులకంటే ఒంట్లో రక్తాన్ని నిలవ ఉంచే ప్లీహం (స్ప్లీన్) వీళ్ళకి దాదాపు సగం మేర పెద్దదట. ఊపిరి బిగబట్టి మునగడం ఒంట్లోకే ఎక్కిపోయిందన్నమాట. అలాంటివాళ్ళకి నేల అంటే ఏమిటి? బుంగిన్‌లో దానికి వింత జవాబు ఉంది. నేల కొనరు. తయారు చేస్తారు.

పెళ్ళి చేసుకోవాలనుకున్న కుర్రాడు ముందు స్థలం కట్టాలి. 'కట్టాలి' అనే అంటున్నాను, కొనాలి కాదు. పోటు తగ్గినప్పుడు పడవేసుకుని వెళ్ళి చచ్చిన పగడపు రాళ్ళు ఏరుకొస్తాడు. దీవి అంచున సముద్రంలో నలుచదరంగా గోడలా పేరుస్తాడు. మధ్యలో రాళ్ళు, చెత్త, మట్టి పోసి నింపుతాడు. నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్ళు. అది నీళ్ళపైకి తేలి గట్టిపడ్డాక దాని మీద ఇల్లు, ఆ ఇంట్లో పెళ్ళి. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని మనవాళ్ళు రెండే కష్టాలు చెప్పారు. బజోలది మూడు కష్టాల లెక్క. ఒక్కో పెళ్ళికి దీవి ఒక ఇంటి మేర పెరుగుతుంది.

మాకు భోజనం పెట్టిన ఇంట్లో సిఙ్ఙాంగ్ అనే చేపల కూర వండారు. పసుపు, చింతపండు, పచ్చిమిర్చి, పైన తులసిలాంటి ఆకు. కళ్ళు మూసుకుంటే మా అమ్మ పులుసే, కాస్త పల్చన. వండినావిడ కుండని గరిటెతో కలపకుండా రెండు చేతులతో అంచులు పట్టుకుని తిప్పింది, ముక్క విరగకుండా. మా ఆవిడ నన్ను మోచేత్తో పొడిచింది. మా అమ్మా అంతే తిప్పుతుంది.

తిన్నాక ఆ ఇంటిపెద్దని నా పాత జబ్బు కొద్దీ అడిగాను. ఈ స్థలానికి సర్టిఫికెట్ ఉందా? మాకు తోడొచ్చిన కుర్రాడు ఆ మాట బజోలో చెప్పాక ఆయన నవ్వాడు. రాళ్ళు మోసింది మా నాన్న, ఆ సంగతి ఊరందరికీ తెలుసు, ఇంకా సర్టిఫికెట్ దేనికి అన్నట్టు ఏదో అన్నాడు.

ఇదంతా చెప్పి నేనేదో బుంగిన్‌ని స్వర్గం చేస్తున్నానని అనుకోకండి. ఇళ్ళ కింద మురుగు నిలుస్తుంది. ఒక ఇల్లు అంటుకుంటే పక్కిల్లు మిగలదు. పగడపు రాళ్ళు తీయడం సముద్రానికి మంచిది కాదు. చేప పెరిగేది ఆ దిబ్బల్లోనే. పగడపు దిబ్బల్ని పాడుచేసే తవ్వకాన్ని 2007 తీర ప్రాంతాల చట్టం నిషేధించింది కూడా. రాళ్ళు చచ్చినవే తెస్తాం అని వాళ్ళంటారు. ఎంతవరకు నిజమో పడవలోకి తొంగి చూసి నేను తేల్చలేను. పాత పద్ధతి కాబట్టి ఒప్పే అనే వాదన నాకు పడదు. మన ఊళ్ళల్లో పాత పద్ధతుల పేరు చెప్పి ఎవరెవర్ని ఎక్కడెక్కడ కూర్చోబెట్టామో తెలుసు కదా.

కానీ ఒకటుంది. అదే 2007 చట్టంలో తీరపు నీళ్ళని కంపెనీలకి ఏళ్ళ తరబడి రాసిచ్చే హక్కు ఒకటి పెట్టారు. జాలర్ల సంఘాలు కోర్టుకెళ్తే 2011లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ హక్కుని కొట్టేసింది. రాళ్ళేరుకునే బజో కుర్రాణ్ణి, సముద్రాన్నే ముక్కలు చేసి అద్దెకిద్దామన్నవాళ్ళని ఒకే చట్టంలో చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. 2022 చివర్లో అయితే ఉత్తర మలుకు రాష్ట్రంలో 'విడి' అనే పేరున్న దీవుల్ని, వందకు పైగా దీవుల్ని, అమెరికాలో వేలానికి పెడుతున్నట్టు ప్రకటన వచ్చింది. దీవిని అమ్మడం కుదరదు కాబట్టి దాని మీద హక్కున్న కంపెనీ వాటాలు అమ్ముతారట. మళ్ళీ అదే, నాలుగు కాగితాలు. దేశమంతా గోల చేస్తే ప్రభుత్వం ఆ కంపెనీ ఒప్పందాన్ని రద్దు చేసింది.

ఇండోనేషియా భాషలో మాతృదేశం అనడానికి 'తానా ఆయిర్' అంటారు. తానా అంటే నేల, ఆయిర్ అంటే నీళ్ళు. దేశమంటే నేలా నీళ్ళూ కలిపి. ఆ మాట వింటే నాకు మా అమ్మమ్మగారి ఊరు గుర్తొస్తుంది. ఉప్పాడ వైపు. ఆ తీరాన్ని సముద్రం ఏటా కొరుక్కుతింటోందని మీకు తెలిసే ఉంటుంది. అడ్డంగా ఇసుక నింపిన జియోట్యూబులు వేశారు, అవీ చిరిగిపోయాయి. అమ్మమ్మ ఇల్లు, వాకిట్లో నుయ్యి, నుయ్యి పక్కన బాదం చెట్టు అన్నీ నీళ్ళలో ఉన్నాయి. దస్తావేజు మాత్రం మా మామయ్య ట్రంకు పెట్టెలో భద్రంగా ఉంది, సర్వే నంబరుతో సహా, నాలుగు హద్దులతో సహా. తూర్పు హద్దు: సముద్రం. ఇప్పుడు నాలుగు హద్దులూ అదే. మామయ్య ఏడాదికోసారి ఆ కాగితాన్ని ఎండలో పెట్టి మళ్ళీ మడతపెడతాడు. ఇండోనేషియా చట్టం ఈ విషయంలో మొహమాటపడదు. నేల కరిగిపోతే హక్కు కూడా పోయినట్టేనని 27వ ఆర్టికల్‌లో రాసేసుకుంది.

అంటే మా వాళ్ళకి కాగితముంది, నేల లేదు. బుంగిన్ వాళ్ళకి నేలుంది, కాగితం లేదు. గిలిలో ఆ ముసలావిడకి రెండూ లేవు, ఉండే అలవాటు ఒక్కటే ఉంది. నేను వెళ్ళి తమ్ముడి పేరు మీద నాలుగు కాగితాలు రాయించుకుంటే, ఆ దీవిలో నాకు ఉండేది ఏమిటి? నేను రాళ్ళు మొయ్యలేదు, అక్కడ ఉండబోయేదీ లేదు. ఏడాదికి పది రోజులు వచ్చి, మిగతా రోజులు ఎవరికో అద్దెకిచ్చి, ఆ అద్దెతో ఈఎంఐ కట్టుకునేవాణ్ణి. అంతోటి దానికి ఆవిడ పీట తీసుకుని లొంబొక్ వెళ్ళాలా?

గది అద్దెకి తీసుకుని పది రోజులుండి, ఊళ్ళోవాళ్ళ పడవలో తిరిగి, వాళ్ళ వంట తిని, డబ్బిచ్చి వచ్చేయడంలో నామోషీ ఏమీ లేదు. ఎనభై ఏళ్ళ హక్కులు, పాతికేళ్ళ లీజులు సక్రమంగా తీసుకుని అక్కడే ఉండి ఏదో పని చేసుకునేవాళ్ళతో నాకు పేచీ లేదు. ఊరివాళ్ళతో సమానంగా నీళ్ళకి ఇబ్బంది పడతారు, భూకంపం వస్తే వాళ్ళతోపాటే ఇటుకలేరుతారు. నా పేచీ ఎక్కడో కూర్చుని ఇంకొకరి పేరు వెనక దాక్కునే బావలతో. అందులో ఒకప్పటి నేనూ ఉన్నాను, మూడు రోజులపాటు.

బుంగిన్‌లో చివరి రోజు సాయంత్రం దీవి అంచుకి నడిచాం. అక్కడ సగం కట్టిన స్థలం ఒకటుంది. మూడు వైపులా రాళ్ళ గోడ లేచింది. నాలుగో వైపు ఇంకా సముద్రం లోపలికి వచ్చి పోతోంది. మధ్యలో మోకాలి లోతు నీళ్ళలో పిల్లలు ఎండ్రకాయలు పడుతున్నారు. గోడ ఒకచోట వెడల్పుగా ఉంటే దాని మీదెక్కి నిలబడి ఫొటో తీసుకుంటున్నాను. ఫోన్ మోగింది. వారం తర్వాత మొదటిసారి బావ.

"ఏరా, చివరికి ఏం చేశావ్? ఆ బిట్టు ఉందా పోయిందా?"

అప్పుడే ఒక కుర్రాడు నడుందాకా నీళ్ళలో పడవని తోసుకుంటూ వచ్చాడు. పడవ నిండా తెల్లటి రాళ్ళు. ఒక్కోటి రెండు చేతులతో ఎత్తి, చెవి దగ్గర పెట్టుకుని కాయ పండిందో లేదో చూసినట్టు తట్టి, అటూ ఇటూ తిప్పి సందులో ఇరికిస్తున్నాడు. కుదరకపోతే తీసి వేరేది పెడుతున్నాడు. నా దాకా వచ్చేసరికి ఆగాడు. చేత్తో ఏదో సైగ చేశాడు. నాకు అర్థం కాలేదు. పిల్లలు నవ్వారు. మాకు తోడొచ్చిన కుర్రాడు ఒడ్డు మీంచి అరిచి చెప్పాడు, కాస్త పక్కకి జరగమంటున్నాడు, మీరు నిలబడింది వాళ్ళ వంటింట్లోనట.

"బావా, మళ్ళీ చేస్తా" అని ఫోన్ పెట్టేసి గోడ దిగాను.